‘జీరో చూడండి’కి ముందు ఒక్క మాట: విజయవాడ, గుంటూరు బంకుల యజమానులకు బహిరంగ లేఖ

విజయవాడలోనూ, గుంటూరులోనూ, ఆ రెండింటి మధ్య జాతీయ రహదారి పొడవునా పెట్రోలు బంకులు నడుపుతున్న యజమానులకు, మేనేజర్లకు,

నమస్కారం.

మీ బంకులకు ఇరవై ఏళ్లుగా వస్తున్నాను. మొదట స్కూటీ మీద వచ్చేదాన్ని, తొమ్మిదేళ్లుగా డీజిల్ కారులో వస్తున్నాను. ఇన్నేళ్లలో మీ కుర్రాళ్ల నోట తప్పకుండా విన్న మాట ఒకటుంది: “మేడమ్, జీరో చూడండి.” మే నెల ఎండలోనైనా, వెనుక పది బండ్లు హారన్లు మోగిస్తున్నా ఆ మాట మానరు. అది ఊరికే అలవాటు కాలేదు. మీటరు సున్నాకు రాకుండానే కొట్టేస్తున్నారని జనం అనుమానపడి, తగాదా పడి, బిల్లులు మొహాన కొట్టి మీకు నేర్పించిన మాట అది. ఇప్పుడది మీ కుర్రాళ్లకు ఊపిరి తీసుకున్నంత సహజం. దానికి ముందు ఇంకొక్క మాట చేర్చమని అడగడానికే ఈ లేఖ.

గత నెల ఒక శనివారం పొద్దున ఏడు గంటలకు మా అమ్మను తీసుకుని పటమట నుంచి గుంటూరు బయలుదేరాను. బ్రాడీపేటలో మా పెద్దమ్మ గారింట్లో సత్యనారాయణ వ్రతం. అమ్మ ఒళ్లో నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్, అందులో పులిహోర. వారధి ఎక్కేలోపు డీజిల్ కొట్టించుకుందామని దారిలో ఒక బంకులోకి తిప్పాను. ఆ బంకు పేరు రాయను. చదివితే ఆ యజమానికి తెలుస్తుంది, అది చాలు.

“పదిహేను వందలకు కొట్టు బాబూ” అన్నాను. ఈ వాక్యాన్ని మరోసారి చదవండి. అందులో డీజిల్ అన్న మాట లేదు. మనవాళ్లెవరూ అనరు. వెయ్యికి కొట్టు, రెండు వేలకు కొట్టు, ఫుల్ ట్యాంకు చెయ్యి అంటాం. డబ్బు లెక్క నోటితో చెబుతాం, ఇంధనం సంగతి బండిని చూసి అతనే గ్రహించాలనుకుంటాం. ఆ అబ్బాయికి పంతొమ్మిదేళ్లుంటాయేమో. పైపు అందుకుని “జీరో చూడండి మేడమ్” అన్నాడు. చూశాను. అతనూ చూశాడు. ఇద్దరం ఎంతో బాధ్యతగా సున్నాను చూస్తూ నిలబడ్డాం. అతని చేతిలో ఉన్నది ఏ పైపో మాత్రం ఇద్దరిలో ఒక్కరమూ చూడలేదు.

బిల్లు చేతికొచ్చాక తేడా కనిపించింది. 1,500 రూపాయలకు నాకు పదిహేను లీటర్ల పైచిలుకు రావాలి. కాగితం మీద 13.7 అని ఉంది. నిజం చెబుతున్నాను, ముందుగా నాకు తట్టింది మోసమే. కొలతలో కోశారని గొంతు సవరించుకున్నాను కూడా. అప్పుడు పై వరుసలో పెట్రోలు అన్న మాట కనబడింది. కారు తాళం నా కుడిచేతిలోనే ఉంది. ఇంకో అరనిమిషం ఆలస్యంగా బిల్లు చూసి ఉంటే ఇంజిను తిరుగుతూ ఉండేది.

ఆ అబ్బాయి మొహం తెల్లబోయింది. మేనేజరు గారు వచ్చారు. చాలా నిదానంగా, అనుభవం ఉన్న మనిషిలాగా చెప్పారు: “ఏమీ కాదు మేడమ్. పైన డీజిల్ నింపేస్తే కలిసిపోతుంది. కాస్త పొగ వస్తుంది, గుంటూరు వెళ్లేసరికి అదే సర్దుకుంటుంది.” పక్కన ఆగిన లారీ డ్రైవరు కూడా తలూపాడు. వెనుక సీటులోంచి మా అమ్మ “వాళ్లకు తెలియదా, నింపించుకో, ముహూర్తం మించిపోతుంది” అంది.

ఈ సలహా గురించే మీతో గట్టిగా మాట్లాడాలి. తప్పు పైపు పెట్టడం పొరపాటు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఆ తరువాత ఇచ్చే ఈ సలహా మాత్రం బండిని చంపే సలహా. మేనేజరు గారు అబద్ధం చెప్పారని అనను. ఒకప్పటి డీజిల్ ఇంజిన్లు మొండివి. చలి దేశాల్లో డీజిల్ గడ్డకట్టకుండా అందులో కొంచెం పెట్రోలో కిరోసినో కలిపి నడిపిన రోజులు నిజంగానే ఉన్నాయి. ఆ కాలపు డ్రైవర్ల మాటే నోటి నుంచి నోటికి మీ దాకా వచ్చింది. ఆ ఇంజిన్లు పోయాయి, మాట మిగిలింది.

ఆటోనగర్‌లో మా కారు చూసే మేస్త్రి గారికి ఫోను చేశాను. మొత్తం వినకుండానే ఆయన అడిగిన మొదటి మాట, “తాళం తిప్పారా అమ్మా?” లేదన్నాను. “అయితే బండి బతికింది. తిప్పకండి. చాలా బండ్లలో తాళం ఆన్‌కు వచ్చిందంటే చాలు, ఇంజిను స్టార్టు కాకపోయినా ట్యాంకులో మోటారు తిరిగి ఆయిలును ముందుకు తోసేస్తుంది. స్టీరింగ్ లాకు విడిపోయేంత వరకే తిప్పి, న్యూట్రల్‌లో పెట్టి పక్కకు తోయించండి” అన్నారు. బటన్ నొక్కి స్టార్టు చేసే బండ్లయితే ఆ బటన్ జోలికే వెళ్లవద్దన్నారు.

ఈలోపు మీ బంకు కుర్రాడు ఇంకొకతను ఉత్సాహంగా రబ్బరు పైపు ముక్క తెచ్చాడు. ఒక కొస ట్యాంకులో పెట్టి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చబోయాడు. నేను అరిచిన అరుపుకు బంకంతా తిరిగి చూసింది. పెట్రోలు పొరపాటున గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి దిగితే మనిషి ఆసుపత్రి పాలవుతాడు. పైగా అది బంకు. నాలుగు అడుగుల దూరంలో బైకులు స్టార్టవుతున్నాయి. డీజిల్‌లో పెట్రోలు కలిస్తే ఆ కలగలుపు డీజిల్‌లాగా మొద్దుగా ఉండదు, పెట్రోలులాగే ఆవిరి కక్కుతుంది. ‘పొగ తాగరాదు’ అని నాలుగు పక్కలా బోర్డులు పెట్టిన చోట తెరిచిన బకెట్టులోకి పెట్రోలు తోడబోయారు! ఈ పని చేయమని మీరెవరూ చెప్పి ఉండరు. చేయవద్దని కూడా ఎవరూ చెప్పలేదు.

నలుగురు కలిసి కారును గాలి కొట్టే యంత్రం పక్కకు తోశారు. కారును షెడ్డుకు తీసుకెళ్లే వ్యాను వచ్చేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో మా అమ్మ క్యారియర్ విప్పి, ఆ అబ్బాయికి పాత కాగితం మీద పులిహోర పెట్టింది. (వ్రతానికి తీసుకెళ్లేది కదా అంటే, నైవేద్యం అక్కడ వేరే వండుతారులే అంది.) అతను తల వంచుకుని గబగబా తిన్నాడు. ముందు రోజు రాత్రి ఎనిమిది గంటలకు డ్యూటీ ఎక్కాడట. పొద్దున దింపాల్సినవాడు రాలేదు, అందుకని ఇంకా నిలబడే ఉన్నాడు. నేను వచ్చేసరికి అతను డ్యూటీ ఎక్కి పదకొండు గంటలు దాటింది.

వ్రతానికి వెళ్లలేకపోయాం. మధ్యాహ్నం ఆటోనగర్ షెడ్డులో కూర్చున్నాను. అక్కడ చూసిన రెండు సంగతులు మీకూ చెప్పాలి, ఎందుకంటే రోజూ ఇవి అమ్మే మీరు కూడా చేత్తో తాకి చూసి ఉండరేమో. మేస్త్రి గారు శుభ్రమైన డీజిల్ చుక్క ఒకటి నా బొటనవేలి మీద వేసి, చూపుడువేలితో రుద్దమన్నారు. జారింది. వంటనూనెలాగా కాకపోయినా, రెండు వేళ్ల మధ్య పలుచని పొర ఉన్నట్లు తెలుస్తూ ఉంది. తుడుచుకున్నాక పెట్రోలు చుక్క వేశారు. చల్లగా తగిలి, చూస్తుండగానే ఎగిరిపోయింది. వేళ్లు పొడిబారి తెల్లబడ్డాయి, రుద్దితే చర్మానికి చర్మం పట్టింది. “లోపల పంపులో ఇనుముకు ఇనుము అలాగే పట్టుకుంటుంది అమ్మా” అన్నారు.

డీజిల్ బండిలో ఇంధనం మండడానికి మాత్రమే కాదు, దాన్ని తోసే పంపుకు నూనె కూడా అదే. వేరే నూనె ఉండదు. ఇప్పటి కామన్ రెయిల్ ఇంజిన్లలో (రెయిల్ అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఇంధనం పంచే ఉమ్మడి గొట్టం) ఆ పంపు ఇంధనాన్ని 1,600 బార్ల దాకా, కొన్నింట్లో అంతకు మించి ఒత్తిడితో తోస్తుంది. మన కారు టైరులో ఉండే గాలి రెండు బార్ల పైచిలుకు. అంటే దానికి ఏడు వందల రెట్లు. అంత ఒత్తిడిలో జారుడు లేని పెట్రోలు వెళితే లోహం లోహాన్ని గీరుతుంది. ఆ రజను రెయిల్‌లోకి, అక్కడి నుంచి ఇంజినులోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల సన్నటి రంధ్రాల్లోకి, తిరుగు గొట్టం ద్వారా మళ్లీ ట్యాంకులోకి చేరుతుంది. షెడ్డులో అలా పాడైన పంపు ఒకటి ఉంది. దాని మూత విప్పి బ్యాటరీ లైటు వేశారు. అడుగున మిగిలిన తడిలో వెండి పొడి కలిపినట్లు తళతళలు. అది ఎవరి కారుదో నాకు తెలియదు. ఎవరో ‘ఏమీ కాదు’ అంటే నమ్మి బయలుదేరినవాళ్లది. పంపు, ఇంజెక్టర్లు, గొట్టాలు అన్నీ మార్చాలంటే లెక్క వేలల్లో ఆగదు.

పైగా పెట్రోలు గుణమే వేరు. నిప్పురవ్వ పడేదాకా మండకుండా ఆగడం పెట్రోలులో మంచి లక్షణం, ఆక్టేన్ సంఖ్య కొలిచేది దాన్నే. ఒత్తిడి వేడికే తనంతట తాను అంటుకోవడం డీజిల్‌లో మంచి లక్షణం, సీటేన్ సంఖ్య చెప్పేది అది. ఒకదానిలో మెచ్చుకునేదే రెండోదానిలో లోపం. పైన డీజిల్ నింపినంత మాత్రాన ఆ పెట్రోలు ఎక్కడికీ పోదు. పెట్రోలు బండిలో డీజిల్ పడితే నష్టం సాధారణంగా ఇంత ఉండదు. బండి ముక్కుతుంది, పొగ కక్కి ఆగిపోతుంది, ట్యాంకు కడిగి ప్లగ్గులు శుభ్రం చేయాల్సి వస్తుంది.

మాకు 5,800 రూపాయలతో పోయింది. వ్యానుకు 2,000. ట్యాంకు దింపి కడగడం, గొట్టాలు శుభ్రం చేయడం, కొత్త ఫిల్టరు, మళ్లీ డీజిల్ పోసి గాలి తీయడం అన్నీ కలిపి 3,800. పెట్రోలుకు ఇచ్చిన 1,500 వేరే. మర్నాడు మేనేజరు గారు పిలిచి, మర్యాదగా కవరులో 5,800 పెట్టి ఇచ్చారు. చాలా మంచివారని ఇంట్లో చెప్పాను కూడా.

వారం తరువాత డీజిల్‌కు వెళితే ఆ అబ్బాయి గాలి కొడుతూ కనిపించాడు. నన్ను చూసి తప్పుకోబోతే నేనే పలకరించాను. అప్పుడు తెలిసింది, ఆ కవరులోని డబ్బు అతని జీతానిదని. నాలుగు నెలల్లో కోసుకుంటారట. నెలకు అతనికి వచ్చేది పన్నెండు వేలు. కవరు అక్కడికక్కడే అతని చేతిలో పెట్టబోయాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “మేనేజరు గారికి తెలిస్తే పని పోతుంది మేడమ్.”

అయ్యా, లెక్క ఒకసారి చూద్దాం. పెట్రోలు కొట్టారు, 1,500 తీసుకున్నారు, అది అమ్మకంగానే పుస్తకంలో పడింది, దాని మీద కమిషన్ కూడా మీకు వచ్చింది. పదకొండు గంటలు నిలబెట్టినది మీరు. పెట్రోలు పైపు, డీజిల్ పైపు ఒకే యంత్రానికి పక్కపక్కన వేలాడదీసినది మీరు. నష్టం మాత్రం ఆ అబ్బాయిది. మీ మనిషి మీ పనిలో చేసిన పొరపాటుకు కొనుగోలుదారు ముందు జవాబుదారీ మీరే. నష్టం పేరుతో జీతం కోయాలన్నా ముందు అతని సంజాయిషీ వినాలని చట్టం ఉంది. ఎవరైనా విన్నారా?

అతని వైపు నుంచి కూడా చూడండి. మాది చిన్న కారు. అదే పేరుతో, అదే ఆకారంలో పెట్రోలు బండీ ఉంది. మారుతీ సంస్థ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు అమ్మడం మానేసింది. ఈ అబ్బాయి బంకులో చేరేనాటికి చిన్న కారు అంటే పెట్రోలే అన్న లెక్క ఊరంతా స్థిరపడిపోయింది. మా కారు ట్యాంకు మూత మీద ఉండాల్సిన డీజిల్ స్టిక్కరు నీళ్లకు ఎప్పుడో ఊడిపోయింది. కొత్తది అంటించుకోలేదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. పెట్రోలు నాజిల్ సన్నం, డీజిల్ ట్యాంకు మూతిలోకి ఏ అడ్డూ లేకుండా దిగిపోతుంది. చేతికి కూడా తేడా తెలియదు.

గుర్తులు లేక కాదు. 2019 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బండ్లకు ముందు అద్దం లోపల రంగు స్టిక్కరు ఉంటుంది. డీజిల్ అయితే నారింజ, పెట్రోలు, సీఎన్‌జీలకు లేత నీలం. దాన్ని చూడమని మీ కుర్రాళ్లలో ఎంతమందికి చెప్పారు? యూరప్ దేశాల్లో 2018 అక్టోబరు నుంచి పంపు మీదా, కొత్త బండి మూత దగ్గరా ఒకే గుర్తు వేస్తున్నారు. పెట్రోలుకు గుండ్రం, డీజిల్‌కు చతురస్రం. అక్షరం రానివాడు కూడా పోల్చుకోగలడు. అక్కడ జనం తమ బండిలో తామే కొట్టుకుంటారు కాబట్టి ఆ అవసరం వచ్చింది. ఇక్కడ కొట్టేది మీ మనిషి. అందుకే ఇక్కడ స్టిక్కరు కంటే నోరు మేలు.

నేను అడిగేది అదే. “జీరో చూడండి”కి ముందు “డీజిలేనా మేడమ్?” అనిపించండి. పైపు తీయకముందే అనాలి, మేం అవునన్నాకే తీయాలి. రెండు సెకన్లు పడుతుంది. ఫోనులో మాట్లాడుతూ తల ఊపేవాళ్లు ఉంటారు, వాళ్ల నోటి నుంచి మాట వచ్చేదాకా ఆగమనండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. సున్నా చూడమన్న మొదటి రోజుల్లో కూడా విసుక్కునే ఉంటారు.

అప్పటికీ తప్పు జరిగితే, “తాళం తిప్పకండి” అన్నది మీ మేనేజరు నోట రావాల్సిన మొదటి మాట. మంచినీళ్లు, గాలి, మరుగుదొడ్డి, ప్రథమ చికిత్స పెట్టె, కొలత సరిచూసే అయిదు లీటర్ల పాత్ర అన్నీ మీ దగ్గర ఉండాలని నియమం. వాటి పక్కన ఒక కాగితం మీద వ్యాను నంబరు, ట్యాంకు శుభ్రంగా దింపగల షెడ్డు నంబరు రాసి పెట్టడం మీకు భారం కాదు. రబ్బరు పైపు ముక్కలు మాత్రం ఈరోజే పారేయించండి.

డీజిల్ కార్ల యజమానులు ఇది చదువుతుంటే వారికీ ఒక మాట. డబ్బుతో పాటు ఇంధనం పేరు కూడా చెప్పండి. “డీజిల్, పదిహేను వందలకు.” నేను ఇప్పుడు అలాగే అంటున్నాను, మూత మీద నారింజ రంగు స్టిక్కరు కూడా అంటించాను. మీ ఇన్సూరెన్సు కాగితాలు ఒకసారి తీసి చూసుకోండి. తప్పు ఇంధనం పడితే ట్యాంకు దింపే సేవ కొన్ని రోడ్‌సైడ్ సహాయ పథకాల్లో ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. బండి ఆగిపోయాక చదివే కాగితం కాదది.

చివరగా, శనివారం నాటి ఆ బంకు యజమానికి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని నాకు చాలామంది చెప్పారు. 2019 చట్టం ప్రకారం రెండేళ్ల గడువు ఉంది, ఇంత చిన్న వ్యవహారానికి రుసుము కూడా లేదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోను చేస్తే దారి చెబుతారు. ఇవన్నీ నాకు తెలుసు. వెళ్లలేదు. వెళితే మొదట బయటికి పోయేది ఆ అబ్బాయేనని కూడా తెలుసు.

మీరిచ్చిన కవరు, అందులోని 5,800 మా కారు డ్యాష్‌బోర్డులోనే ఉన్నాయి. వచ్చే శనివారం పొద్దున ఏడింటికి మీ బంకుకు వస్తాను. ఆ డబ్బు అతనికి మీ చేతులతో ఇవ్వండి, కోత రద్దయిందని అతని ముందే మేనేజరు గారికి చెప్పండి. నా ఖర్చు సంగతి ఆ తరువాత మనమిద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. అమ్మ కూడా వస్తానంటోంది. ఈసారి పులిహోర మీకూ తెస్తుందట.

ఇట్లు,
పటమట నుంచి ఒక డీజిల్ కారు యజమానురాలు